మూసీ ఒడ్డు తోట: ఒక చింతచెట్టు చరిత్ర

రాజంపేటలో రాత్రి బస్సెక్కితే తెల్లవారేసరికి హైదరాబాదులో మనల్ని దించే చోటికి జనం వాడుకలో ఉన్న పేరు ఇమ్లీబన్. బోర్డు మీద మహాత్మాగాంధీ బస్ స్టేషన్ అని ఉంటుంది గాని, ఆటోవాళ్ళు ఆ పేరుతో పిలవగా నేను వినలేదు. ఇమ్లీ అంటే చింత. బన్ అంటే వనం. చింతతోపు అన్నమాట. మూసీ నది పాయల నడుమనున్న దిబ్బ మీద 1994లో ఈ బస్టాండు వెలిసింది. ఇరవై ఏళ్ళుగా, పరీక్ష పేపర్లు దిద్దడానికో, పుస్తకాల కోసమో, సభలకో వచ్చిన ప్రతిసారీ నేను దిగింది నది నడుమనే. ఆ సంగతి ఒక్కసారైనా తలపుకు రాలేదు. నదిలో దిగి, నదిని చూడకుండా ఊళ్ళోకి పోవడం మనకు అలవాటైపోయింది.

మొన్నటి ప్రయాణంలో మాత్రం చూడాలనే వచ్చాను. రచయితల సమావేశం పది గంటలకు. బస్సు ఆరుకే చేరింది. చేతిలో నాలుగు గంటల కాలం ఉంది. మనసులో మా ఊరినుంచి మోసుకొచ్చిన ప్రశ్న ఒకటి ఉంది. ఆ ప్రశ్నేమిటో ముందు చెప్పాలి.

మా ఊరికి ఏరుంది. చెయ్యేరు. బాహుదా, పింఛ కలిసి చెయ్యేరై, నందలూరు సౌమ్యనాథుని గుడి పక్కగా సాగి పెన్నలో కలుస్తుంది. ఏరని పేరే గాని ఏడాదిలో చాలా నెలలు అది ఇసుక దారి. మా చిన్నతనంలో చెలమలు తవ్వి నీళ్ళు చేదుకున్నాం. తరవాత్తరవాత నీళ్ళకంటె ఇసుకకే గిరాకీ పెరిగింది. అలాంటి ఏరు 2021 నవంబరు 19న, కార్తీక పౌర్ణమి రోజుల్లో, తెల్లవారుజామున మా మీదికొచ్చింది. పైన పింఛ కట్ట తెగింది. ఆ నీళ్ళూ ఈ నీళ్ళూ కలిసి అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్టను ఊడ్చుకుపోయాయి. పులపత్తూరు, మందపల్లె, తొగురుపేట, రామచంద్రాపురం, గుండ్లూరు – ఈ పేర్లు ఆ ఉదయానికి ముందు మా తాలూకా దాటి ఎవరికీ తెలియవు. ముప్ఫై మందికి పైగా పోయారు. దీపాలు పెట్టడానికి శివాలయానికి వెళ్ళినవాళ్ళు కూడా వాళ్ళలో ఉన్నారు. కొట్టాల్లో కట్టేసిన పశువులకు లెక్క లేదు. తెగిన కట్ట ఏళ్ళ తరబడి తెగినట్టే ఉంది. ఇల్లు పోయినవాళ్ళకు ఇళ్ళ కోసం ఎదురుచూపు కూడా ఏళ్ళ మాటే అయింది.

బడి తెరిచాక నేనొక తెలివితక్కువ పని చేశాను. పాఠ్యప్రణాళికలో నదుల మీద పాఠముంది. వ్యాసం రాయమన్నాను. ఏటి ఒడ్డు ఊరినుంచి వచ్చే ఎనిమిదో తరగతి పిల్లవాడు మూడు వాక్యాలు రాసి కాగితం ఇచ్చాడు. “మాది చెయ్యేరు. అందులో నీళ్ళు ఉండవు. ఆ పొద్దు వచ్చినాయి.” అంతే. దానికి ఎన్ని మార్కులు వేయాలో నాకు తెలియలేదు. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

ఇప్పుడు మా మిత్రుల మధ్య ఒక మాట నడుస్తూ ఉంది. ఏటి ఒడ్డున పార్కొకటి కట్టి, పోయినవాళ్ళ పేరు మీద పెడితే బాగుంటుందని. మా ఊళ్ళో సాయంత్రం పూట పిల్లల్ని తీసుకుపోయే చోటంటే బైపాస్ పక్కన 108 అడుగుల అన్నమాచార్యుల విగ్రహం దగ్గరే. ఏటి దగ్గర అలాంటిది లేదు. ఆలోచన మంచిదే కదా, నువ్వెందుకు తల ఊపవు సారూ అని నన్ను నిలదీశారు. వరద తరవాత నది ఒడ్డున తోట వేయడమన్నది మన దేశంలో ఇదివరకే జరిగిన పని. అది ఏమైందో చూసి వచ్చి చెబుతానన్నాను. ఈ వ్యాసం వాళ్ళకు చెప్పవలసిన జవాబుగా మొదలైంది.

ఇమ్లీబన్ నుంచి అఫ్జల్‌గంజ్ వైపు నడిస్తే ఉస్మానియా ఆసుపత్రి. దాని ఆవరణలో నదివైపున ఒక ముసలి చింతచెట్టుంది. వయసు నాలుగు వందల ఏళ్ళంటారు. ఒకప్పుడు ఈ జాగా ఆసుపత్రి కాదు, అఫ్జల్ పార్కు. అయిదో నిజాం అఫ్జలుద్దౌలా పేరు మీది తోట. నగరానికి ఆనుకుని ప్రవహించే నది, ఒడ్డున తోట, తోటలో చింత. 1908 సెప్టెంబరు 28న ఈ చెట్టెక్కి దాదాపు 150 మంది బతికి బయటపడ్డారు. చుట్టూ ఉన్న ఊరు కొట్టుకుపోతుంటే రెండు రోజులు కొమ్మలు పట్టుకుని వేలాడారు.

ఆనాటి వరద సంగతి సాహిత్య విద్యార్థులకు ఎంత తెలుసో నాకు అనుమానమే. చరిత్ర పుస్తకాల్లో అది ఒక పేరా. నగరం మీద, పరీవాహక ప్రాంతం మీద సెప్టెంబరు 26 నుంచి ఎడతెగని వాన. శంషాబాదులో 24 గంటల్లో 12.8 అంగుళాలు కురిసింది. మూసీ, ఈసీ రెండూ పొంగాయి. ఎగువన చిన్నా పెద్దా 788 చెరువులుండేవి. సుమారు చదరపు మైలుకొక చెరువు. వాటిలో 221 తెగిపోయాయి. పై చెరువు తెగితే కింది చెరువు తట్టుకోదు. అది తెగితే దాని కిందిది. ఇదంతా ఒక్కటై నగరం మీద పడినప్పుడు సెకనుకు 4,25,000 ఘనపుటడుగుల ప్రవాహమైందని తరవాత లెక్కగట్టారు. పింఛ తెగి అన్నమయ్య కట్టను పడగొట్టిన వరసకూ దీనికీ తేడా సంఖ్యలోనే. నూట పదమూడేళ్ళ తేడాలో రెండు ఊళ్ళ మీద ఒకే పద్ధతిలో నీళ్ళు వచ్చాయి.

అఫ్జల్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు కొట్టుకుపోయాయి. నిలిచింది పురానాపూల్ ఒక్కటే. 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కట్టించిన వంతెన అది. ఈ ఇబ్రహీమే మన కవుల మల్కిభరాముడు. అద్దంకి గంగాధరుడు తపతీసంవరణోపాఖ్యానాన్ని అంకితమిచ్చింది ఈయనకే. ఎం.ఏ. పాఠాల్లో మల్కిభరాముణ్ణి కృతిభర్తగా చదివాను గాని వంతెన కట్టినవాడని ఎవరూ చెప్పలేదు. కావ్యం నిలిచిందని మనం పాఠంలో చెప్పుకుంటాం. వంతెన నిలిచిందని చెప్పుకోము. అది వేరే శాఖవాళ్ళ పని కాబోలు.

మృతుల సంఖ్య సాధారణంగా పదిహేను వేలని చెబుతారు. ఎవరు వీళ్ళు? ఏ పేటలు మొదట పోయాయో చూస్తే తెలుస్తుంది. ఆనాటి వర్ణనల్లో ముందుగా కనిపించే పేరు కోల్సావాడీ. కోల్సా అంటే బొగ్గు. నది అంచున, పల్లంలో, మట్టిగోడల మధ్య బతికే పేట. పేట్లబుర్జు మీదికి జనం గుంపులుగా ఎక్కారనీ, రాతి బురుజే కూలి వాళ్ళందరినీ నీళ్ళపాలు చేసిందనీ చెబుతారు. కోట బురుజు కూలిన చోటికి కొద్ది దూరంలోనే చింతచెట్టు నిలబడింది. నేను దీన్ని ప్రతీకగా వాడబోవడం లేదు. ఇలాంటి ప్రతీకలు మన కవిత్వంలో ఇప్పటికే ఎక్కువయ్యాయి. చింతవేరు ఎంత లోతుకు దిగుతుందో రాయలసీమవాడికి ఎవరూ నేర్పనక్కరలేదు. నీళ్ళు లేని నేలలో నీళ్ళు వెదికే వేరు అది. ఆ వేరే నీళ్ళు మీద పడ్డప్పుడు చెట్టును పట్టుకుంది.

చెట్టు కింద ఫలకముంది. ప్రతి సెప్టెంబరు 28న కొందరు పౌరులు అక్కడ చేరి పోయినవాళ్ళను తలుచుకుంటారు. నేను వెళ్ళిన నాడు మాత్రం అక్కడున్నది వార్డుల్లో రోగుల్ని ఉంచి బయట పడిగాపులు పడే జనం. చాప పరిచి కూర్చున్న ఒక ముసలామె నన్ను చాలాసేపు గమనించి, “ఏం జూస్తున్నవ్ బిడ్డా?” అంది.

“చెట్టును చూస్తాండా అవ్వా.”

“చెట్టేంది, జూసేటిదేముంది?”

నేను చెప్పాను. వందేళ్ళ కిందట వరదొస్తే నూట యాభై మంది దీన్నెక్కి బతికారని. ఆమె తల పైకెత్తి కొమ్మల్ని ఒకసారి చూసింది. “ఆడోళ్ళు గూడ ఎక్కిండ్రా?” అని అడిగింది.

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. నేను చదివినవాటిలో నూట యాభై అనే అంకె ఉంది. చీరలు కట్టుకున్నవాళ్ళు, చంకలో బిడ్డలున్నవాళ్ళు ఎందరో లేదు. ఆమె కొడుక్కి ఆపరేషనట. మూడు దినాలుగా చెట్టుకిందే ఉందట. “నీడ మంచిగుంటది” అని మూట విప్పి జొన్నరొట్టె తినడం మొదలుపెట్టింది. చింతచెట్టు కింద పండుకుంటే దయ్యం పడుతుందని మా అమ్మ చెప్పేది. ఆసుపత్రి చింత కింద ఎంతమంది పండుకుని లేస్తున్నారో!

ఇక్కడినుంచి చరిత్ర రెండు దారులుగా చీలుతుంది. ఒకటి మనకు బాగా తెలిసిన దారి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ నది ఒడ్డుకు వచ్చి, ధోవతి కట్టుకుని, మూసీకి హారతిచ్చి శాంతించమని వేడుకున్నాడని చెబుతారు. నిజమా, కల్పితమా అన్న వాదనలోకి నేను పోను. కథ ఎందుకు నిలిచిందన్నదే నాకు ఆసక్తి. రాజు, నది – ఈ ఇద్దరి మధ్య జరిగిన వ్యవహారంగా వరదను చెప్పగలిగితే చెరువుకట్టల మాట, పల్లంలో పేటలెందుకున్నాయన్న మాట అడగనక్కరలేదు. పదిహేను వేల మంది ఆ కథలో కేవలం నేపథ్యమవుతారు. రాజు మంచివాడే కావచ్చు. సహాయ కేంద్రాలు నడిచాయి, జనానికి అన్నం పెట్టారు. సరోజినీ నాయుడు వరద బాధితుల కోసం పనిచేసి కైసర్-ఎ-హింద్ పతకం పొందింది. జలియన్‌వాలాబాగ్ తరవాత దాన్ని తిరిగి ఇచ్చేసింది. ఇవేవీ కాదనను. అయితే మంచితనాన్ని కీర్తించే చరిత్రకూ కారణాన్ని వెదికే చరిత్రకూ తేడా ఉంది.

కారణాన్ని వెదికినవాడు మోక్షగుండం విశ్వేశ్వరయ్య. ఇంటిపేరులోని ఊరు మనదే, ఒకప్పటి కర్నూలు జిల్లా గిద్దలూరు వైపున ఉన్న మోక్షగుండం. బొంబాయి ప్రభుత్వ కొలువు వదులుకున్న ఆయన్ని హైదరాబాదు పిలిపించింది. 1909 ఏప్రిల్‌లో వచ్చి ఆ సంవత్సరం చివరకు మైసూరు వెళ్ళేలోగా నివేదిక ఇచ్చాడు. పైన నేను చెప్పిన చెరువుల లెక్కలన్నీ ఆయన చేయించిన సర్వే నుంచి వచ్చినవే. మూసీ మీద, ఈసీ మీద నగరానికి ఎగువన రెండు జలాశయాలు కట్టాలన్నాడు. నగరం లోపల నది ఒడ్డులు ఎత్తు చేసి, గోడలు కట్టి, ఒడ్డు వెంట రోడ్లూ తోటలూ వేయాలన్నాడు. ఒక ఇంజనీరు నివేదికలో తోటలకు చోటుండడం నాకు ఆశ్చర్యం కలిగించింది. ఆయన ఉద్దేశం సౌందర్యం మాత్రమే కాదని నా అభిప్రాయం. ఖాళీ జాగా వదిలితే మళ్ళీ ఇళ్ళు లేస్తాయి. తోట వేస్తే లేవవు. తోట అంటే నదికి వదిలిపెట్టిన జాగా. వరద వచ్చినా మునిగేది పూలమొక్కలే.

ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడి నగరాన్ని తిరగరాయడం మొదలుపెట్టింది. ఇరుకు పేటలు తీసేశారు. వెడల్పు రోడ్లు వేశారు. పత్తర్‌గట్టీ రాతి దుకాణాలు ఆ పనిలో భాగమే. కూలిన ఇళ్ళున్న నది ఒడ్డున గొప్ప భవనాలు లేచాయి. హైకోర్టు 1920లో తెరిచారు. దాని పక్కన సిటీ కాలేజి. అవతలి ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి. ఈ మూడింటికీ విన్సెంట్ ఎష్ అనే ఇంగ్లీషు వాస్తుశిల్పి పేరు ముడిపడి ఉంది. కొంతకాలానికి 1930లలో ఆసఫియా గ్రంథాలయ భవనం కూడా ఆ వరసలోకి చేరింది. న్యాయం, విద్య, వైద్యం, పుస్తకం, అన్నీ ఒక్క నది మలుపులో. మధ్యలో తోటలు, మెట్లు, దీపస్తంభాలు. మన దేశంలో ఇంత ఆలోచించి కట్టిన నదీతీరాలు ఎక్కువ లేవని ఒప్పుకోవాలి. ఎర్రరాయి గుమ్మటాల్ని పొద్దున్నే వంతెన మీదనుంచి చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. నాకూ వేసింది.

కాని ముచ్చట తీరాక రెండో ప్రశ్న వేసుకోవాలి. ఆ పేటలవాళ్ళు ఎక్కడికి పోయారు? బోర్డు కొన్నిచోట్ల బీదలకు ఇళ్ళు కట్టించిన మాట వాస్తవం. మల్లేపల్లిలాంటి చోట్ల ఆ వరసలు లేచాయి. అయినా నది ఒడ్డు మీద హక్కు చేతులు మారింది. బట్టలుతికేవాళ్ళు, బొగ్గమ్మేవాళ్ళు, పశువుల్ని కడిగేవాళ్ళు ఉన్న ఒడ్డు షికారు చేసేవాళ్ళ ఒడ్డయింది. గోడ నదినుంచి నగరాన్ని కాపాడింది; నగరంనుంచి నదిని వేరు చేసింది. ఎగువ జలాశయాలు నీళ్ళు పట్టేసరికి దిగువన నది సన్నగిల్లింది. దిగువ పాయకు మిగిలింది నగరపు మురుగు. ఒడ్డున తోటలున్నా ముక్కు మూసుకోకుండా తిరగలేని స్థితి వచ్చింది. తిరిగేవాళ్ళు తగ్గాక తోటకు కంచె, కంచె తరవాత మరో కట్టడం. నదికని వదిలిన జాగా ముక్కముక్కగా మళ్ళీ ఊరి ఖాతాలోకి వచ్చింది. చింతతోపు పేరు మాత్రం బస్టాండుకు మిగిలింది. నీడలేని సిమెంటు ప్లాట్‌ఫారాల మీద నిలబడి ఇమ్లీబన్ అనుకోవడం మన భాషలకున్న ఒక గడుసుదనం. చెట్టు పోయినా పేరును పోనివ్వవు.

2024లో మూసీ ఒడ్డును మళ్ళీ సుందరంగా చేసే పథకం కింద చాదర్‌ఘాట్ చుట్టుపక్కల ఇళ్ళ మీద ఎర్రరంగు అక్షరాలు రాశారు. కొన్ని కూల్చారు. కొందరికి రెండు గదుల ఇళ్ళిచ్చి దూరం పంపారు. నదీగర్భంలో ఇళ్ళుండడం ప్రమాదమే. మా పులపత్తూరు చూసినవాణ్ణి, కాదని ఎలా అంటాను? అయితే ప్రమాదమన్న మాట ఎవరి ఇంటి మీద ముందు రాస్తారు, ఏ కట్టడం మీద రాయరు అన్నది చూడాలి. 2025 సెప్టెంబరు చివర జలాశయాల గేట్లెత్తితే నీళ్ళు నేరుగా ఇమ్లీబన్ బస్టాండులోకి వచ్చాయి. ప్రయాణికుల్ని తాళ్ళ సాయంతో బయటికి తెచ్చారు. నది తన పాత తోటకు వచ్చింది. ఆ ప్లాట్‌ఫారాల మీద ఎర్ర అక్షరాలు నాకు కనబడలేదు.

చరిత్రలోని రెండో దారికి వస్తాను. అది కవిది. అమ్జద్ హైదరాబాదీ ఉర్దూలో రుబాయీలకు పేరుపొందినవాడు. 1908 వరదలో తల్లి, భార్య, కూతురు ఆయన కళ్ళముందే కొట్టుకుపోయారు. ఆ ఇంటికి ఆయనొక్కడే మిగిలాడు. తరవాత ‘ఖయామతె సుగ్రా’ అనే కవిత రాశాడు. చిన్న ప్రళయం అని ఆ పేరుకర్థం. పేరు దగ్గరే నేను ఆగిపోయాను. ముగ్గుర్నీ పోగొట్టుకున్నవాడు దాన్ని పెద్ద ప్రళయం అనలేదు. మతంలో అసలు ప్రళయం వేరే ఉంది, ఇది చిన్నది. ఇలాంటి కొలత బాధ అనుభవించినవాడికే సాధ్యం. బయటినుంచి రాసేవాడు ప్రళయం, జలఖడ్గం, మృత్యుతాండవం అని మొదలుపెడతాడు. 2021 నవంబరు తరవాత మా జిల్లాలో వచ్చిన కవితలు కొన్ని చదివాను. వాటిలో ఒకటి నేను రాసిందే. అందులో మూడు చోట్ల తాండవముంది. అమ్జద్ ఆ తరవాత యాభై ఏళ్ళు బతికి 1961లో చనిపోయాడు. బతికినన్నాళ్ళూ నాలుగు పాదాల చిన్న పద్యాన్నే ప్రధానంగా పట్టుకున్నాడు. ఎక్కువ మాటల మీద నమ్మకం పోయిందేమో అనిపిస్తుంది. ఇది ఊహే, విమర్శకుడికి అంత చనువు ఉండాలి.

అదే 1908లో మెదక్ వైపు అందోలులో మఖ్దూం మొహియుద్దీన్ పుట్టాడు. పెరిగి పెద్దవాడై 1939 నుంచి 1941 దాకా ఈ మూసీ ఒడ్డు సిటీ కాలేజిలోనే పాఠాలు చెప్పి, ఉద్యోగం వదిలేసి ఉద్యమంలోకి వెళ్ళాడు. హైదరాబాదులో అభ్యుదయ రచయితల సంఘాన్ని నిలబెట్టినవాళ్ళలో ముఖ్యుడు. వరద మీద కట్టిన భవనంలో ఆ వరద ఏడాది పుట్టినవాడు కవిత్వం చెప్పడం కాకతాళీయమే. కాకపోతే మన సంఘాల చరిత్రలు సభలతో, తీర్మానాలతో మొదలవుతాయి. అవి జరిగిన గదుల కింద ఏముందో చెప్పవు. అమ్జద్‌నూ మఖ్దూంనూ కలిపి చదివిన విద్యార్థి నా ఎరుకలో లేడు. ఒకరు ఆధ్యాత్మిక కవి, ఇంకొకరు విప్లవకవి అని రెండు అరల్లో పెట్టేశాం. ఇద్దరి మధ్యా ఒకే నది పారుతూ ఉంది.

ఈ సందర్భంలో మన సీమ సాహిత్యం గురించి ఒక మాట అనక తప్పదు. సీమ సాహిత్యమంటే కరువు సాహిత్యమని మనమే ఒక సూత్రం చేసి పెట్టుకున్నాం. దానికి కారణాలున్నాయి. 1876–78 నాటి ధాత కరువు మా ముసలమ్మల నోట పాటగా నిలిచింది. విద్వాన్ విశ్వం 1956లో ‘పెన్నేటి పాట’ అచ్చువేస్తే నీళ్ళులేని ఏరు కావ్యవస్తువైంది. అది గొప్ప మలుపు. నేను పాఠం చెప్పేటప్పుడు ఇప్పటికీ గొంతు సవరించుకుని చెబుతాను. కానీ గొప్ప కావ్యం తరవాతి వాళ్ళకు దారి చూపినట్టే గాడి కూడా చేస్తుంది. ఎండిన బావి, పగిలిన నేల, వలస – వీటికి మన దగ్గర కావలసినన్ని మాటలున్నాయి. వరదకు లేవు. 2001లో కడపలో బుగ్గవంక పొంగి జనం పోయారు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచాయి. ఆ రోజుల్లో శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరొచ్చింది. 2021లో చెయ్యేరు. ఇరవై ఏళ్ళలో మూడుసార్లు. అయినా సీమ కథల సంకలనం తెరిస్తే ఆకాశం వంక చూసే రైతే మొదట ఎదురవుతాడు. ఆ రైతు అబద్ధం కాడు. అయితే ఆకాశం వంక చూసీ చూసీ, పైనున్న కట్ట వంక చూడడం రచయిత మరిచిపోయాడు.

కరువూ వరదా ఎదురెదురు వస్తువులన్నట్టు మన విమర్శ మాట్లాడుతుంది. నా ఉద్దేశంలో రెండూ ఒకే కథ. చెరువు పూడిపోయినా కరువే, చెరువు తెగినా కరువే. వరద తరవాత మందపల్లె పొలాల్లో మేటలు వేసిన ఇసుకను చూసినవాళ్ళకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు. మోకాటి లోతు ఇసుక కింద మడి ఎక్కడుందో గట్టు ఎక్కడుందో తెలియదు. నీళ్ళొచ్చి ఎండబెట్టిపోయిన నేల అది. అందుకే ఆ ఎనిమిదో తరగతి పిల్లవాడి మూడు వాక్యాలు నన్ను వదలడం లేదు. నీళ్ళుండవు, ఆ పొద్దు వచ్చినాయి. కరువునూ వరదనూ అతడు ఒకే ఊపిరిలో చెప్పాడు. సంధి కుదర్చడానికి ‘కాని’ అన్న మాట కూడా వాడలేదు.

చెట్టు దగ్గర నేననుకున్నదానికంటె ఎక్కువసేపున్నాను. వెనుక నది వైపు గోడ. గోడకవతల నల్లటి నీళ్ళు, నురుగు, గట్టున పచ్చగడ్డి కోసుకుంటున్న ఇద్దరు మనుషులు. ఆసుపత్రి పాత భవనాన్ని వాననీళ్ళు లోపలికొచ్చిన కారణంగా 2020 జులైలో ఖాళీ చేశారు. కొత్త ఆసుపత్రికి గోషామహల్‌లో 2025 జనవరి 31న పునాది వేశారు. ఆసుపత్రి పూర్తిగా అక్కడికి పోతే ఈ చెట్టు కిందికి ఎవరొస్తారు? ముసలామె లాంటివాళ్ళు రారు. అప్పుడిది మళ్ళీ పార్కవుతుందేమో. టికెట్టు పెడతారేమో. అఫ్జల్ పార్కు తోటగా మొదలై, ఆసుపత్రిగా మారి, నా లెక్కలో ఆసుపత్రి చింతగా ఉన్నన్నాళ్ళే అందరికీ పనికొచ్చింది. పార్కు అన్న మాట మీద నాకున్న అనుమానం ఇదే. కట్టేటప్పుడు అందరికీ అంటారు. నది ఒడ్డున అంతకుముందు నుంచీ ఉన్నవాళ్ళు ఆ అందరిలో మిగులుతారా అన్నది ఎవరూ అడగరు.

సమావేశానికి అరగంట ఆలస్యంగా చేరాను. అధ్యక్షుడు వస్తువు–శిల్పం గురించి మాట్లాడుతున్నాడు. వెనక బెంచీలో కూర్చుని కాగితం తీసి ముసలామె అడిగిన ప్రశ్న రాసుకున్నాను.

రాజంపేట చేరాక మిత్రులు మళ్ళీ అడిగారు. పార్కు వద్దనలేదు. ఏటికి వదలవలసిన జాగా ఎంతో ముందు గీత గీద్దామన్నాను. ఆ గీతలోపల ఏం వేసినా చింతచెట్లు తప్ప కట్టడం లేవకూడదన్నాను. ఫలకం మీద అంకె వేస్తే నేను రాననీ, పేర్లు వేస్తే వస్తాననీ చెప్పాను. పేర్లకు ఇళ్ళవాళ్ళు ఒప్పుకోవాలి గదా అని ఒకాయన న్యాయంగానే అడిగాడు. అందుకని పదో తరగతి పిల్లలు నలుగురూ నేనూ ఆదివారాలు ఊళ్ళు తిరుగుతున్నాం. ఆ పొద్దు ఎవరెవరు ఎక్కడెక్కారు, మిద్దె మీదికా, చెట్టెక్కారా, ఆడవాళ్ళెందరు, చంకలో ఎవరున్నారు, ఏం పట్టుకున్నారు – చెప్పినవాళ్ళు చెప్పినట్టు, వాళ్ళ మాటల్లోనే రాసుకుంటున్నాం. తాండవం అన్న మాట రాసిన పిల్లకాయ చేత కొట్టివేయించాను. ఇద్దరు చెప్పమన్నా చెప్పలేదు. ఒకామె టీ ఇచ్చి పంపింది. ఇప్పటికి ఒక నోటుబుక్కు నిండింది. ఇంకా రెండు ఊళ్ళు మిగిలున్నాయి.